జమాదారన్న తర్జుమా

జమాదారన్న పోయాడన్న సంగతి నాకు సూరత్‌లో, లింబాయత్ కూరగాయల బజారులో తెలిసింది. బమ్రోలి నుంచి వచ్చిన ఒక తెలుగామె టమాటాలు ఏరుకుంటూ పక్కామెతో చెబుతోంది. "మన పోలీసు జమాదారు లేడా, మన తెలుగాయన. మొన్న పొద్దుగాల కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట."

బెండకాయలు చేతిలోనే పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ముందు వచ్చింది భయం. ఇంటికి వచ్చి పట్టపగలే తలుపు గొళ్లెం పెట్టుకున్నాను. చీరలకు రాళ్లు అతికే పని ముందేసుకుంటే జిగురు చీరకు కాక వేళ్లకే అంటుకుంది.

ఒక మనిషి చనిపోతే భయపడటం ఏమిటని అడగవచ్చు. ఆయన బతికి ఉన్నంతకాలం నాకూ నా భయానికీ మధ్య అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఆ చోటు ఖాళీ అయింది.

హెడ్ కానిస్టేబుల్‌ని సూరత్‌లో జమాదార్ అంటారు. తెలుగువాడు కనుక మా గల్లీకంతా జమాదారన్న. వాళ్ల నాన్న మా నాన్నలాగే తెలంగాణ నుంచి సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేయడానికి వచ్చినవాడు. ఈయన ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఖాకీ వేసుకున్నాడు. తెలుగు మాట్లాడుతుంటే చివర గుజరాతీవాళ్లలాగా 'నే' అని తగిలించేవాడు. "అన్నం తిన్నవా నే?" అన్నది ఆయన పలకరింపు. దొంగనైనా ముందు అదే అడిగేవాడు.

పొట్టి మనిషి. గల్లీ మలుపులో ముందు పొట్ట కనిపించేది, తర్వాత ఆయన కనిపించేవాడు. తలుపు కొట్టేటప్పుడు చేత్తో బాదేవాడు కాదు, వేలి ఉంగరంతో టక్కుటక్కుమనిపించేవాడు. ఆ చప్పుడు వినగానే లోపల పెళ్లాం మీద అరుస్తున్న మగవాడి గొంతు తగ్గిపోయేది. ఎంత రమ్మన్నా గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. గడప అవతలే నిలబడి చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు.

"లోపలికొస్తే చుట్టమైత. చుట్టమైతే రేపు మీ మీద కేసెట్ల రాయాలె?" అనేవాడు. అని నవ్వేవాడు. మేము నవ్వేవాళ్లం కాదు, ఆయన నిజంగానే రాస్తాడని మాకు తెలుసు.

చెయ్యి మాత్రం బరువైనది. అది చెప్పకపోతే ఆయన్ని చెప్పినట్టు కాదు. మా తమ్ముడు సాంచాల మీద పనిచేసేవాడు. ఒకసారి తాగి రోడ్డు మధ్యలో షేర్ ఆటో ఆపి డ్రైవరుతో గొడవ పడుతుంటే వచ్చి ఒక్కటి పీకాడు. వాడు వెళ్లి పక్కన పేర్చిన బట్టల తాన్ల మీద పడ్డాడు. సాయంత్రం మా గడప దగ్గరకు వచ్చి, "మీ తమ్ముడు అన్నం తిన్నడా నే?" అని అడిగాడు. ఆయనంటే మాకు ప్రేమ ఉండేదా భయం ఉండేదా అంటే, రెండూ ఒకే చోట నుంచి వచ్చేవి.

తర్వాత పోలీసుల చొక్కాలకు కెమెరాలు వచ్చాయి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్లటి డబ్బీ, చొక్కా మీద ఎడమ పక్కన. అది నడుస్తుంటే ఎర్రటి చుక్క వెలుగుతూ ఆరుతూ ఉండేది. కొత్తలో ఆయన గల్లీలోకి వస్తే మగవాళ్లు జుట్టు సవరించుకునేవాళ్లు. కొద్ది రోజులకే అందరం గమనించింది ఒకటుంది. ఆయన చెయ్యి లేస్తుంది, సగం దాకా వస్తుంది, ఆయన ఒకసారి డబ్బీ వైపు చూసుకుంటాడు, ఆ చెయ్యి వెళ్లి చెవి గోక్కుంటుంది.

"ఇది నా చేతులు కట్టేసింది చెల్లె," అన్నాడు ఒకరోజు చాయ్ ఊదుకుంటూ. "మంచిగే అయింది. ఇన్నేండ్లు కొట్టుడు తప్పని నాకెవలూ చెప్పలె. చెప్పినా నేను విననోన్ని."

డబ్బీ ఆయన్ని కూడా కాపాడింది. మా గల్లీ చివర దొంగ సారా అడ్డా ఉండేది. గుజరాత్‌లో మద్యం అమ్మకూడదు కనుక అక్కడ అమ్మేవాడికి పోలీసుల్లోనూ మనుషులుండాలి, రౌడీల్లోనూ ఉండాలి. అడ్డావాడికి రెండు చోట్లా ఉండేవాళ్లు. ఒకసారి జమాదారన్న అక్కడికి తనిఖీకి వెళ్తే, సారా అమ్మే ఒక ఆడమనిషి తన కొంగు పట్టి లాగాడని ఫిర్యాదు చేసింది. ఆ వారం ఆయన ముఖం చూడలేకపోయాం. గడ్డం గీసుకోలేదు, మా గడప దగ్గర చాయ్ ముట్టలేదు. "బిడ్డ పెండ్లి ఈడుకొచ్చింది, ఇప్పుడు ఈ మాట" అని మాత్రం అన్నాడు. చివరికి పై అధికారులు డబ్బీలోది చూశారు. ఆయన వాకిట్లో నుంచి లోపలికి అడుగైనా వేయలేదని తేలింది. మర్నాడు గల్లీలో నడుస్తూ ఆ డబ్బీని చంటిపిల్లను జోకొట్టినట్టు తడుతుండటం చూశాను.

కానీ దాని వల్ల గల్లీ నోరు మూతపడింది. అంతకుముందు ఆయన వస్తే అరుగుల మీది ముసలివాళ్లు ఎవరింట్లో ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పేవాళ్లు. ఇప్పుడు ఎర్ర చుక్క చూసి నమస్తే పెట్టి ఊరుకునేవాళ్లు. ఆ చుక్క వెనక ఎవరు కూర్చుని చూస్తారో, ఎవరికి చూపిస్తారో ఎవరికీ తెలియదు. పోలీసు చౌకీలో అడ్డావాడి మనుషులున్నారని మాత్రం అందరికీ తెలుసు.

అడ్డావాడు గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. తెల్లటి చెప్పులు వేసుకుని, మెత్తగా, పేరుపేరునా పలకరిస్తూ వెళ్లేవాడు. ఒకసారి ఒకాయన అడ్డా మీద చౌకీలో ఫిర్యాదు చేశాడు. కొద్ది రోజుల్లోనే ఆ ఇంటి తలుపు కాలిపోయింది. వాళ్లు సామాను సర్దుకుని ఊరికి వెళ్లిపోయారు. ఆ సామాను ఎత్తించడానికి అడ్డావాడే మనుషుల్ని పంపాడు.

మా తమ్ముడితోపాటు సాంచాల మీద పనిచేసే ఒకతనికి ఆ అడ్డాలో తాగి చూపు పోయింది. పెళ్లాం చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే అతను గోడ తడుముకుంటూ వెళ్లడం నేను రోజూ చూసేదాన్ని. మా తమ్ముడు అప్పటికే సాయంత్రాలు అటే వెళ్తున్నాడు. సారా డబ్బాలు ఎక్కడ దాస్తారో నాకు తెలుసు. మా వెనక గోడకు అవతల మూతపడ్డ కార్ఖానా ఉంది. దాని నీళ్ల హౌజులో దింపడం కిటికీ సందులోంచి చూశాను. ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం జమాదారన్న వేరే పని మీద మా తలుపు కొట్టాడు. నేను చాయ్ ఇచ్చాను గానీ కళ్లు ఆయన ముఖం మీదికి పోలేదు.

"ఏంది చెల్లె, నన్ను చూస్తలేవు, డబ్బీని చూస్తున్నవ్?"

"అది వింటదా అన్నా?"

"వింటది. చూస్తది. మనలెక్క మర్చిపోదు."

ఆయన సాసరు గడప మీద పెట్టి నన్ను చూశాడు. తర్వాత డబ్బీకే చెబుతున్నట్టు హిందీలో, ఇంటి ఆడమనిషి ఏదో చెప్పుకోవాలనుకుంటోంది, అందుకని ఆపుతున్నాను అన్నాడు. బటన్ నొక్కాడు. ఎర్ర చుక్క ఆరిపోయింది.

"ఎందుకు ఆపినమో చెప్పి ఆపాలె. కానూన్ అది," అన్నాడు. "ఇప్పుడు చెప్పు. జర మెల్లగ."

చెప్పాను. నాలుగు మాటలే. ఆ నాలుగు మాటలు బయటికి వచ్చేలోపు నా జాకెట్టు చెమటతో తడిసిపోయింది. ఆయన తల ఊపి, మళ్లీ బటన్ నొక్కి, చుక్క వెలిగాక గొంతు పెంచి, "చాయ్ మంచిగున్నది చెల్లె," అని వెళ్లిపోయాడు. నిజంగా ఆగిందా, ఆగినట్టు కనిపించిందా అని రోజులతరబడి నాకు అనుమానమే.

పోలీసులు వేరే స్టేషన్ నుంచి వచ్చి హౌజులోంచి డబ్బాలు తీశారు. అడ్డా మూతపడింది. ఎవరు చెప్పారన్నది ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడమే ప్రమాదమని నాకు తర్వాత అర్థమైంది. అడ్డావాడు వెతకడం మొదలుపెట్టాడు. కార్ఖానా గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు మాది. ఇంట్లో మగవాళ్లు ఇద్దరు, మా ఆయన, మా తమ్ముడు. తాగి వాగే అలవాటు మా తమ్ముడిది. వాడే చెప్పి ఉంటాడని అడ్డావాడు తేల్చుకున్నాడు.

ఒకరోజు పగటి షిఫ్టు వదిలిన వేళ అడ్డావాడి మనుషులు మా తమ్ముడిని గల్లీలో నిలబెట్టి తోశారు. వాడూ తోశాడు. గొడవ పెద్దదవుతుంటే పోలీసు జీపు వచ్చింది, పిలిచి పెట్టుకున్నట్టే. కొత్తగా వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టరు దిగి మిగతా వాళ్లనెవరినీ అడగకుండా మా తమ్ముడి కాలరు పట్టాడు. లాఠీ ముందు కాళ్ల మీద పడింది, తర్వాత వీపు మీద, తర్వాత ఎక్కడ పడితే అక్కడ. వాడు కింద పడి చెవి పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారింది. మా ఆయన పనిలో ఉన్నాడు. గల్లీలో తలుపులన్నీ మూసుకున్నాయి.

జీపులో వచ్చిన మిగతా కానిస్టేబుళ్లు ఏం చేశారో నేను చూశాను. ఒకడు డబ్బీ మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. ఇంకొకడు గోడ వైపు తిరిగాడు. జమాదారన్న మాత్రం కొట్టేవాడికి ఎదురుగా, చేతులు రెండూ కిందికి వదిలేసి నిలబడ్డాడు. ఎర్ర చుక్క వెలుగుతోంది.

"సాబ్, కెమెరా చాలూ హై," అన్నాడు, కెమెరా నడుస్తోందని.

"బంద్ కరో," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

జమాదారన్న బటన్ మీద వేలు పెట్టాడు, నొక్కినట్టు నటించాడు. "బటన్ కామ్ నహీ కర్ రహా, సాబ్." బటన్ పనిచేయడం లేదన్నాడు. అదే బటన్ మా గడప ముందు ఒక్క నొక్కుకే పనిచేసింది. ఆయన పెదవులు తెల్లబడి ఉన్నాయి.

లాఠీ మళ్లీ లేచింది. నేను పరుగెత్తి తమ్ముడి మీద పడ్డాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను అనుకుని అన్నది కాదు.

"వాడు కాదు చెప్పింది, నేను. హౌజుల డబ్బాలున్నయని చెప్పింది నేను. వాన్ని ఇడువుండ్రి."

తెలుగులో అన్నాను. అడ్డావాడి మనుషులు అప్పటికే గల్లీ దాటి పోయారు. సబ్ ఇన్‌స్పెక్టరుకు తెలుగు రాదు. పోలీసుల్లో అర్థమైంది జమాదారన్న ఒక్కడికే. కానీ డబ్బీ విన్నది.

మా తమ్ముడిని ఆసుపత్రి నుంచి నేరుగా జైలుకు తీసుకుపోయారు. పోలీసు మీద చెయ్యి చేసుకున్నాడని కేసు. వారం తర్వాత జమాదారన్న మామూలు బట్టల్లో మా గడప దగ్గరకు వచ్చాడు. డబ్బీ లేకుండా ఆయన్ని చూడటం ఎన్నాళ్లకో. సాసర్లో పోసుకోబోతే చాయ్ నేల మీద చిందింది.

"మీ వకీలు అడిగితే నా కెమెరాలది కోర్టుకొస్తది," అన్నాడు. "అడగకపోతే కొన్ని దినాలకు అదే చెరిగిపోతది. వస్తే మీ తమ్ముడు బయటపడ్తడు. గనీ అండ్ల నీ మాట గూడ ఉన్నది చెల్లె."

"ఆ ముక్క తీసేయరాదా అన్నా?"

"ముక్కలు చెయ్యరాదు. ఒస్తె మొత్తం ఒస్తది."

నేను గుమ్మం పట్టుకుని కింద కూర్చున్నాను. నాకు కనిపించింది కాలిపోయిన ఆ ఇంటి తలుపు. లోపల మా పిల్లలు కొట్లాడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"నీకు భయమైతలేదా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"అయితాంది. వాడు నా అఫ్సరు. రేపు నన్నేం జేస్తడో ఏమో," అన్నాడు. "అడగాల్నో వద్దో నేను చెప్పను. నువ్వే చెప్పు."

వకీలును అడగమన్నాను. ఇంకేం అనగలను. జైల్లో ఉన్నది మా అమ్మ నా చేతిలో పెట్టిపోయిన తమ్ముడు.

కోర్టు గదిలో దాన్ని తెర మీద వేశారు. వెనక బెంచీలో అడ్డావాడు తెల్ల చెప్పులు విప్పి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. లాఠీ దెబ్బలు ఒక్కొక్కటీ కనిపించాయి, మా తమ్ముడు చెయ్యి కూడా ఎత్తలేదని కనిపించింది. తర్వాత నేను వచ్చి పడ్డాను. నా గొంతు గదంతా నిండింది.

"ఈ ఆడమనిషి ఏమంటోంది?" అని జడ్జిగారు అడిగారు. సాక్షి బోనులో ఉన్నది జమాదారన్నే. ఆ గదిలో తెలుగు వచ్చిన సర్కారు మనిషి కూడా ఆయనే.

ఆయన నా వైపు చూడలేదు. డబ్బీ అబద్ధం చెప్పదని అప్పటిదాకా అదే నోటితో చెప్పిన మనిషి గొంతు సవరించుకుని గుజరాతీలో అన్నాడు. "ఏడుస్తోంది సాహెబ్. నా తమ్ముడు ఏ తప్పూ చేయలేదు, కొట్టకండి, కావాలంటే నన్ను కొట్టండి అంటోంది."

జడ్జిగారు రాసుకున్నారు. మా వకీలు కాగితాలు తిప్పాడు. కెమెరా అన్నీ చూసింది, అన్నీ విన్నది, దానికి తెలుగు రాదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే వెనక్కి తిరిగి చూశాను. అడ్డావాడు నవ్వుతున్నాడు. వాడి దగ్గర ఏళ్ల తరబడి పనిచేసింది మన తెలుగు పిల్లలే. వాడికి ఆ మాత్రం తెలుగు వచ్చు. ఆ నవ్వు నేను చూశాను, బోనులోంచి జమాదారన్న కూడా చూశాడు.

మా తమ్ముడు బయటికి వచ్చాడు. ఎడమ చెవి ఇప్పటికీ వినపడదు. ఇచ్ఛాపూర్‌లో ఫ్యాక్టరీ పని చూసుకుని అక్కడే ఉంటున్నాడు, తాగడం మానేశాడు. ఆ డబ్బీ లేకపోతే నేను ఇంకా జైల్లోనే ఉందును అంటాడు వాడు. నిజమే. నాకు మాత్రం ఖాకీ చొక్కా మీద ఎర్ర చుక్క కనిపిస్తే ఇప్పటికీ నోరు ఎండిపోతుంది.

రోజూ ఎదురుచూశాను. తలుపు కాలలేదు. అడ్డావాడు ఎదురుపడితే ఎప్పటిలాగే పేరు పెట్టి పలకరించాడు. అడ్డా మళ్లీ తెరుచుకుంది, వెనక గల్లీలో. జమాదారన్న అటు పోవడం మానేశాడు. మా గల్లీకి కూడా రాలేదు. "అమ్ముడువోయిండు," అన్నారు జనం. "సాక్ష్యం చెప్పినంక భయపడ్డడు," అన్నారు ఇంకొందరు. ఒకసారి ఆయన బజారులో కనిపిస్తే, చూపు పోయిన ఆ మనిషి పెళ్లాం ఆయన ముందే ఉమ్మేసింది. ఆయన తల వంచుకుని పోయాడు. కొన్నాళ్లకు ఆఫీసు డ్యూటీలో వేశారని, రిటైరయ్యాడని విన్నాం. నాకు ఏమీ అర్థం కాలేదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు.

ఆయన పోయిన కబురు విన్న మూడో రోజు బమ్రోలి వెళ్లాను. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఏ గల్లీ అమ్మా మీది?" అని అడిగింది. చెప్పాను. ఆమె ముఖం ముడుచుకుంది. "ఆ గల్లీ వల్లనే మనిషి ఇరిగిపోయిండు," అంది.

"ఏమైంది వదినా?"

"ఎవలో చెల్లె అట. పేరు నాకు గూడ చెప్పలె. కోర్టయిన దినం సక్కగ అడ్డావాని ఇంటికి పోయిండట. నువ్వు ఆ ఇంటి దిక్కు సూడకు, నేను నీ దిక్కు సూడను అని మాటిచ్చి ఒచ్చిండు. ఇంటికొచ్చి ఖాకీ వర్దీ ఇప్పి గోడకేసి కొట్టిండు. ఇన్నేండ్లల్ల నేను జూసిన ఏడుపు గదొక్కటే. మంది ఉమ్మేసిండ్రని చెప్పుకుంట గూడ, ఆమె పిల్లలు మంచిగున్నరు, సాలు అనేటోడు."

"ఆ చెల్లెను నేనే వదినా," అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆమె చెయ్యి చాపి నా తల మీద పెట్టింది, అంతే.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర ఆడవాళ్లందరూ ఉన్నారు. ఆయన మాటే నడుస్తోంది. "పోయినోన్ని అనద్దు గనీ, అడ్డావానికి అమ్ముడువోయినోడే గదనే," అంది మా ఎదురింటి పెద్దమ్మ. కొద్ది దూరంలో అడ్డావాడి మనిషి బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"అమ్ముడువోలేదు పెద్దమ్మా," అన్నాను. "హౌజుల డబ్బాలున్నయని పోలీసులకు చెప్పింది నేను. నన్ను బతికిచ్చెటందుకు ఆయన అడ్డా దిక్కు పోవుడు బంద్ చేసిండు."

"మెల్లగనే," అంది పెద్దమ్మ గొంతు తగ్గించి. "వాడు ఇంటాండు."

"ఇననీ," అన్నాను. నల్లా పైపు గట్టిగా పట్టుకున్నాను. బండి మీదివాడు తల ఎత్తి చూశాడు. చూపు పోయిన మనిషి పెళ్లాం బిందె వదిలేసి వచ్చి, ఏమీ అనకుండా నా పక్కన నిలబడింది. బిందె నిండి నీళ్లు గల్లీలోకి పారుతున్నా ఎవరూ నల్లా కట్టేయలేదు.